కోడె మొండిది కాదు... బెదిరింది!

మీ కొట్టంలో రెండు పళ్ల కోడె ఉందా? ఈ ఏడాది కాడి కిందికి తేవాలనుకుంటున్నారా? అయితే ఈ వారం ఈ నాలుగు మాటలు మీతోనే. ఎడ్లు ఎప్పుడో అమ్మేశాం, ట్రాక్టరు కిరాయికి పిలుస్తున్నాం అంటారా? మీరూ చదవండి. మిరపలోనో పత్తిలోనో సాళ్ల మధ్య గుంటక తోలాల్సిన రోజు వస్తే మళ్లీ ఎవరి ఎడ్ల కోసమో ఊరంతా తిరగక తప్పడం లేదు కదా! మంచి జత లక్ష దాటి పలుకుతోంది. అంత పోసి కొన్న జత రోడ్డు మీద లారీ హారన్‌కు బెదిరి చేలకు అడ్డంపడి పరుగెత్తితే బండి పోతుంది, ఎద్దు పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు.

కోడెకు కాడి నేర్పడం అంటే ఇవ్వాళ చాలామందికి తెలిసిన పద్ధతి ఒక్కటే. ముకుతాడు బిగించి పట్టుకోవడానికి ఇద్దరు, వెనక నుంచి అదిలించడానికి ఒకడు, అరవడానికి పదిమంది. పడుకుంటే తోక మెలిపెట్టడం, లేస్తే బాదడం. మూడు రోజులకు కోడె తల వంచుతుంది. అబ్బో, దారికొచ్చింది అని మీసం మెలేస్తాం. అది దారికి రాలేదు సోదరా, విసిగిపోయింది. రెంటికీ తేడా ఎప్పుడు బయటపడుతుందంటే, బండి నిండా బస్తాలు వేసుకుని, వెనక ఇల్లాలిని, పిల్లల్ని కూర్చోబెట్టుకుని రోడ్డెక్కిన రోజున.

నేను కూడా ఆ బాపతు రైతునే. దాచుకోవడం ఎందుకు? 2009 నవంబరు నాటి సంగతి. మాది పల్నాడు, సాగర్ కుడి కాలువ కింద ఊరు. ఎకరన్నర మిరప వేశాను. మా ఇంట్లోనే పుట్టిన కోడెకు మూడేళ్లు నిండాయి. నుదుట నల్ల మచ్చ ఉండేది, చుక్కడు అని పిలిచేవాళ్లం. దాని జతకు పదేళ్లు పైబడ్డ ఎద్దు, పెద్దోడు. పెద్దోడి సంగతి చెప్పాలంటే, పగ్గం వదిలేసి బండిలో నిద్రపోయినా ఇంటికి చేర్చే రకం.

చుక్కణ్ణి పది రోజులు దుక్కిలో తిప్పాను. బాగానే నడిచాడు. ఇంకేం, పని అయిపోయిందనుకున్నా. పదకొండో రోజు పొద్దున్నే బండి కట్టి, గుంటక, నాలుగు ఎరువు బస్తాలు వేసుకుని చేనికి బయల్దేరాను. మా చేనికి వెళ్లాలంటే కాలువ మీద కల్వర్టు దాటాలి. అక్కడికి వచ్చేసరికి చుక్కడు నిలబడిపోయాడు. చెవులు ముందుకు నిక్కబొడిచాడు, బుస్సుమన్నాడు, కాళ్లు పాతేసినట్టు కదలడు. వెనకాల ఇటుకల ట్రాక్టరు వాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. కాలువ గట్టు మీద మందు కొట్టే వాళ్లు నిలబడి చూస్తున్నారు. నాకు రోషం వచ్చింది. సొంత ఎద్దు మాట వినకపోతే నలుగురిలో తలెత్తుకునేదెట్లా? దిగి ముకుతాడు పట్టి తల పైకి లాగాను. ఇంకో చేతిలో చర్నాకోల. నాలుగో దెబ్బకు చుక్కడు కదిలాడు. ముందుకు కాదు, పక్కకు!

బండి చక్రం కల్వర్టు అంచు దాటి జారింది. నొగ విరిగింది. చుక్కడికి గీత కూడా పడలేదు. కాడి మెలితిరిగి పెద్దోడు మోకాళ్ల మీద పడిపోయాడు, జబ్బ జారింది. పశువుల డాక్టరు గారు వచ్చి చూసి, ప్రాణానికి భయం లేదు గానీ సేద్యానికి ఇక పనికిరాడు అని చెప్పేశారు. 2013లో పోయేదాకా పెద్దోడు కొట్టంలోనే ఉన్నాడు. నేను మేత వేయడానికి వెళ్లినప్పుడల్లా తలెత్తి చూసేవాడు. ఏ తప్పూ చేయని వాడికి పడింది శిక్ష.

ఆ సాయంత్రం మా పెదనాన్న నన్ను వెంటబెట్టుకుని కల్వర్టు దగ్గరికి వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా, చుక్కడు ఆగినచోట నిలబడి, నడుం వంచి, ఎద్దు కంటి ఎత్తులో తల పెట్టి చూశాడు.

"ఒరే అబ్బాయ్, ఇట్రా. వంగి చూడు."

చూశాను. శ్లాబు అంచున పిడికిలి పట్టేంత బొక్క. లోపల ఇనుప చువ్వ. దాని కింద నీళ్లు తళుక్కు తళుక్కుమంటున్నాయి. అక్కడ చెవి పెడితే గుడగుడా శబ్దం.

"నీకు అది బొక్క అని తెలుసు. వాడికి ఎట్లా తెలుస్తుందిరా? తల దించి చూసుకుందామనుకున్నాడు. నువ్వేమో తాడు పట్టి తల మీదికి లాగావు. కనబడనివ్వవు, వాసన చూడనివ్వవు, పైగా కొడతావు. నిన్ను అట్లా చేస్తే నువ్వు దాటుతావా?"

పదిహేనేళ్లు దాటింది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

పెదనాన్న చదువుకోలేదు. అయినా ఆయన చేసిన పనినే అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే ఆవిడ శాస్త్రంగా చేశారు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో పశు విజ్ఞాన ఆచార్యురాలు. పశువులు ఫలానా చోట ఎందుకు ఆగిపోతున్నాయో తేల్చడానికి, అవి నడిచే సందుల్లోకి తానే దిగి, వాటి కంటి ఎత్తులో చూస్తూ నడిచారు. ఏం కనిపించాయి? వేలాడుతున్న గొలుసు, నేల మీద పడిన నీడ, నీటి మడుగు మెరుపు, కంచె మీద ఎవరో ఆరేసిన చొక్కా. మనకు లెక్కలోకి రానివే! ఆ చొక్కా తీసేస్తే మంద నడిచిపోయేది.

ఎందుకిలా? ఎద్దు కళ్లు మనలా ముఖానికి ముందు లేవు, పక్కలకు ఉన్నాయి. అందుకే నిలబడ్డ చోటి నుంచే చుట్టూ దాదాపు అంతా చూడగలదు. సరిగ్గా తోక వెనక ఉన్నది మాత్రం కనబడదు. కానీ రెండు కళ్లూ కలిసి చూసే జాగా ముందు వైపున చాలా తక్కువ. లోతు ఎంతో, ఎత్తు ఎంతో తెలియాలంటే రెండు కళ్లూ కలవాలి. అందుకే నేల మీద చింతచెట్టు నీడ అడ్డంగా పడితే అది నీడో గొయ్యో దానికి వెంటనే తేలదు. తల దించి, ముక్కు దగ్గర పెట్టి, వాసన చూసి తేల్చుకోవాలి. ఇందుకు పట్టేది ఎంతసేపు? ఒక్క నిమిషం, లేదా రెండు. ఆ రెండు నిమిషాలు ఓర్చుకోలేక మనం రెండేళ్లు పోగొట్టుకుంటున్నాం.

చెవుల సంగతీ అంతే. మనకు వినబడని సన్నని శబ్దాలు కూడా పశువుకు వినిపిస్తాయి. లారీ గాలి బ్రేకు 'ఉస్సు'మన్నప్పుడు మనకు చిరాకు, దానికి పాము పడగ. ఇక గుర్తు పెట్టుకోవడంలో పశువు గట్టిది. ఎక్కడ భయం వేసిందో, పక్కన ఎవరు ఉన్నారో, రెండూ కలిపి గుర్తు పెట్టుకుంటుంది. మంచిగా చూసిన మనిషి ఎవరు, కొట్టిన మనిషి ఎవరు అన్నది విడివిడిగా పోల్చుకోగలదు. కల్వర్టు దగ్గర కొట్టామా, ఇక కల్వర్టు అంటే దెబ్బ, మనం అంటే దెబ్బ. రేపటి నుంచి దానికి ఒక భయం కాదు, రెండు.

మొండితనానికి పేరుపడ్డ కంచరగాడిదదీ ఇదే కథ. కేదార్‌నాథ్ యాత్ర చేసొచ్చిన వారికి గౌరీకుండ్ దగ్గర మనుషుల్ని, సామాన్లను మోసే ఆ జంతువులు గుర్తుండే ఉంటాయి. గాడిద తండ్రి, గుర్రం తల్లి. బెదిరితే గుర్రం పరుగు తీస్తుంది. కంచరగాడిద మాత్రం నిలబడి ఆలోచిస్తుంది. ముందున్న దారి నమ్మకంగా అనిపిస్తే తప్ప కాలు పెట్టదు. దాన్నే మనం మొండి అన్నాం. లోయ అంచున నడిచేదానికి ఆ మాత్రం జాగ్రత్త లేకపోతే దాని పైన ఎక్కిన వాడు మిగులుతాడా? పాత రోజుల్లో వరసగా బరువులు మోసే కంచరగాడిదల ముందు మెడలో గంట కట్టిన ఆడగుర్రాన్ని నడిపించేవారు. ఆ గంట వినబడుతుంటే వెనకవన్నీ నిశ్చింతగా నడిచేవి. పిల్ల కంచరగాడిదకు కొండదారి నేర్పాలన్నా అంతే, అనుభవమున్న దాని వెనక ఖాళీ వీపుతో నడిపించాలి. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద అవి 84 వేలు తేలాయి, అంతకుముందు 2012 లెక్కలో ఉన్నవాటిలో సగం కూడా మిగల్లేదు. అది వేరే కథ. మన ఎడ్ల దగ్గరికి వద్దాం.

పెదనాన్న పద్ధతి ఏమిటని అడుగుతారు. పెద్ద మంత్రం ఏమీ లేదు. దూడప్పుడే మొదలు. పాలు మాన్పించిన నాటి నుంచి రోజూ ఒకసారి చేతితో ఒళ్లంతా నిమరాలి. చెవులు, గంగడోలు, కాళ్లు, గిట్టల మధ్య. రేపు నాడాలు కొట్టించేటప్పుడు కట్టిపడేసి కింద పడెయ్యాల్సిన అవసరం రాదు. తెలగపిండి ముద్ద గాడిలో పారెయ్యకుండా అరచేతిలో పెట్టి తినిపించాలి. పేరు పెట్టి పిలవాలి. చెరువుకో తొట్టికో నీళ్లకు తోలేటప్పుడు పెద్ద ఎద్దు పక్కన తాడు మీద నడిపించాలి. ఇదంతా పని అనిపించదు, ఇంట్లో పిల్లలు చేసేస్తారు. అసలు పిల్లల చేతికి మచ్చికైన దూడ పెద్దవాళ్ల చేతికి ఎప్పుడూ ఎదురు తిరగదు. నేను చూసినంతలో చెబుతున్నా.

బర్డిజోతో నొక్కించిన కోడెను గానీ, కొత్తగా ముక్కు కుట్టిన కోడెను గానీ నొప్పి తగ్గకముందే కాడి కిందికి తేవద్దు. నొప్పి మీద నేర్పిన చదువు నొప్పినే నేర్పుతుంది. మా వైపు కొందరు ముక్కు కుట్టిన వారానికే తాడు లాగి తిప్పుతున్నారు. అట్లా చేస్తే ముక్కు దగ్గర చెయ్యి పెడితేనే జడుస్తుంది, ఇక జీవితాంతం.

రెండు పళ్లు వేసినప్పుడు తేలిక కాడి మాను మెడ మీద పెట్టి, ఏ బరువూ లేకుండా, దొడ్లోనే పావుగంట. చాలు. పక్కన అనుభవమున్న ఎద్దు ఉండాలి. అది ముఖ్యం. కోడె మన మాట వినదు, పక్కనున్న ఎద్దును చూస్తుంది. పక్కది ప్రశాంతంగా నెమరు వేస్తుంటే దానికి సగం ధైర్యం అక్కడే వస్తుంది. ఇద్దరు కొత్తవాళ్లను కలిపి కట్టిన రైతును చూస్తే నాకు ఈత రాని ఇద్దరిని బావిలోకి తోసినట్టు ఉంటుంది. దాపట కట్టింది దాపటే, వెలపట కట్టింది వెలపటే, నెలల తరబడి మార్చొద్దు. తర్వాత చిన్న మొద్దు కట్టి లాగించడం. ఆ మొద్దు వెనకాల 'గరగరా' అనే శబ్దమే మొదట్లో దానికి పెద్ద గండం. వెనక ఏం వస్తుందో కనబడదు కదా! అందుకే మొద్దు కట్టే ముందు ఒక మనిషి ఆ మొద్దును తాడుతో దాని పక్కన, తర్వాత దాని ముందు లాక్కుంటూ నడవాలి. చూసింది, విన్నది, తనకేం కాలేదు అని తెలిశాక వెనక కట్టాలి. ఇది పెదనాన్న చెప్పింది కాదు, నేను కనిపెట్టుకున్నది. కాస్త గర్వంగానే చెబుతున్నా.

తాడు పట్టే తీరులోనే సగం విద్య ఉంది. ముందు నిలబడి లాగితే ఏ కోడైనా వెనక్కి జోకుతుంది. భుజం పక్కన నిలబడి నడవండి. అది ఒక అడుగు వేసిన ఆ క్షణానే తాడు వదులు కావాలి. అడుగు వేస్తే తాడు వదులవుతుంది అని దానికి తెలియడమే చదువు. అడుగు వేసినా బిగింపు తగ్గకపోతే ఇంకెందుకు వేస్తుంది? మాట కూడా ఒక్కటే ఉండాలి. ఆపడానికి మీ ఊళ్లో 'హో' అంటారో 'ఓహో' అంటారో మీ ఇష్టం, కానీ తండ్రి ఒకటి, కొడుకు ఒకటి, జీతగాడు ఇంకొకటి అంటే అది ఎవరి మాట వినాలి?

ఇక దారి. అసలు చిక్కంతా ఇక్కడే. దుక్కిలో బాగా నడిచిన కోడె దారిలో కూడా నడుస్తుందనుకోవడమే నేను చేసిన తప్పు. దుక్కి దానికి తెలిసిన జాగా. దారి మీద రోజుకో కొత్త భూతం. మా చిన్నప్పుడు బస్సు, రైలు గేటు, మహా అయితే పెళ్లి బ్యాండు. ఇప్పుడు చూడండి, చేలకు చుట్టిన ఆకుపచ్చ షేడ్ నెట్ గాలికి ఊగుతుంది. మల్చింగ్ షీటు ఎండకు అద్దంలా మెరుస్తుంది. ట్రాక్టరు మీద డీజే. సైలెన్సర్ తీసేసిన మోటారుసైకిల్. అన్నిటికీ మించి నెత్తి మీద డ్రోను. అవన్నీ లేకుండా చేయలేం. కోడెకు ఒక్కొక్కటే పరిచయం చేయాలి, దూరం నుంచి, ఖాళీ మెడతో.

పరిచయం ఎలా చేయాలో చుక్కడే నాకు నేర్పాడు. 2009 తర్వాత వాడు కల్వర్టు ఎక్కలేదు. ఏడాదిన్నర పాటు మేం మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి చేనికి వెళ్లాం. అందరూ అమ్మెయ్యమన్నారు. 2011 ఉగాది నాడు పెదనాన్న తాడు నా చేతికిచ్చి, "సాయంత్రం పూట ఊరికే షికారుకు తీసుకెళ్లు. కల్వర్టు దాటించాలని మాత్రం అనుకోకు" అన్నాడు. అర్థం కాలేదు. మొదటి రోజు కల్వర్టుకు యాభై గజాల దూరంలోనే చుక్కడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. అక్కడే ఆగాను. తాడు వదులుగా వదిలాను. ఒక పది నిమిషాలు నేను బీడీ కాల్చుకున్నాను (ఇప్పుడు మానేశాను లెండి), వాడు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి తల దించి గడ్డి పరక కొరికాడు. అంతే, వెనక్కి తిప్పుకొచ్చేశాను. మర్నాడు నలభై గజాలు. ఒక రోజు ముందుకు, ఒక్కోసారి వెనక్కి కూడా. వాడు 'రాను' అనకముందే నేను తిప్పెయ్యాలి, కిటుకు అదీ. రాను అన్నాక తిప్పితే రాననడం నేర్చుకుంటాడు. కొట్టి లాగితే భయం నేర్చుకుంటాడు. ఇంకొంచెం వెళ్దామా అన్నప్పుడు తిప్పితే రేపటికి వాడికే ఆసక్తి.

మృగశిర కార్తె నాటికి శ్లాబు మొదట్లో నిలబడి, తల దించి, ఆ బొక్క పూడ్చిన చోట ఎంతసేపో వాసన చూశాడు. మూతి నాక్కున్నాడు. మర్నాడు నేను తాడు లాగకుండానే నడిచి దాటాడు. అవతలి గట్టు ఎక్కాక వెనక్కి తిరిగి చూశాడు. నాకు కళ్లమ్మట నీళ్లు తిరిగాయంటే నవ్వకండి. తర్వాత ఎనిమిదేళ్లు ఆ కల్వర్టు మీదే ఎరువు బండి, మిరప టిక్కీల బండి వాడే లాగాడు.

రెండు నెలల సాయంత్రాలు ఎవరికి ఖాళీ అంటారు. నిజమే. కానీ ఏడాదిన్నర పాటు రోజూ ఆరు కిలోమీటర్లు అదనంగా నడిచిన లెక్క మీరే వేసుకోండి. పెద్దోడి ఖరీదు కూడా అందులో కలపండి.

బెదురు వచ్చేది ముందే తెలుస్తుంది, చూసే కన్ను ఉండాలి. చెవులు ఒక వైపుకు బిగుస్తాయి. కంట్లో తెల్లగుడ్డు కనబడుతుంది. తోక కాళ్ల మధ్యకు బిగిస్తుంది, లేదంటే పల్చగా పేడ వేస్తుంది. ఇవి కనబడ్డాయంటే ఆగండి. నరాలు బిగిసిన పశువుకు ఆ క్షణంలో ఏ పాఠమూ ఎక్కదు. తల దించింది, మూతి నాక్కుంది, నెమరు మొదలెట్టింది అంటే మనసు కుదుటపడ్డట్టు. అప్పుడు అడుగు ముందుకు. ఎదురుగా లారీ వస్తుంటే పరువుకు పోకుండా బండి పక్కకు ఆపి, దిగి, కోడె వైపున నిలబడి భుజం మీద చెయ్యి వెయ్యండి. మీ చెయ్యి వణకకూడదు సుమా! మన భయం దానికి తాడు గుండా తెలిసిపోతుంది.

వాగు దాటించేటప్పుడు ఇంకో మాట. మొదటిసారి నీళ్లు పారే చోట వద్దు. ఇసుక తేరిన చోట, గిట్ట మునిగేంత నీళ్లలో, పెద్ద ఎద్దును ముందు పెట్టి. తాగితే తాగనివ్వండి, ఆడితే ఆడనివ్వండి. వరద నీటిలోకి మొదటిసారి దించి, అడుగు జారాక, ఆ కోడె చచ్చేదాకా నీళ్లంటే జడుస్తుంది.

ముల్లుకర్ర గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. మన పెద్దలు వాడారు కదా అంటారు. బండి లాగే, బరువు మోసే పశువుల కోసం 1965లోనే కేంద్ర నిబంధనలు వచ్చాయి. ముల్లున్న కర్రతో పశువును తోలడం వాటి ప్రకారం నేరం. రోజుకు తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా అయిదు గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కాడి కట్టకూడదు. అరవై ఏళ్లు దాటిన ఈ రూలు మన ఊళ్లలో ఎందరికి తెలుసు? పల్నాడు ఎండల్లో మే నెల మధ్యాహ్నం బండి తోలే వాణ్ణి ఎవరైనా ఆపారా? చట్టం సంగతి అలా ఉంచండి. ముల్లు గుచ్చితే ఎద్దు ముందుకు దూకుతుంది గానీ ముందుకు నడవదు. దూకే ఎద్దుకు, నడిచే ఎద్దుకు తేడా రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సంతలో కొనేవారికి ఒక హెచ్చరిక. 2016లో నేను ఒక దళారి మాట నమ్మి, 'అన్ని పనులూ వచ్చు' అన్న నాలుగు పళ్ల గిత్తను తెచ్చాను. సంతలో పిల్లిలా ఉంది. ఇంటికొచ్చాక తెలిసింది, వెనక మనిషి నడిస్తే చాలు వణుకుతోంది. తోక మొదట్లో ఎముక వంకర. మెలిపెట్టి మెలిపెట్టి విరిచారన్నమాట. ఎద్దు పుండు కాకికి నొప్పా? అమ్మినవాడు డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. దాన్ని మామూలు మనిషిని... మామూలు ఎద్దును చేయడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అందుకే సంతలో పళ్లు చూడండి, సుడులు చూడండి, మీ ఇష్టం, దాంతోపాటు తోక మొదలు తడిమి చూడండి. మెడ మీద కాడి పుండు మచ్చలు చూడండి. వెనక నుంచి మెల్లగా నడిచి వెళ్లి తుండు గుడ్డ విదిలించండి. ఉలిక్కిపడి తిరిగి చూస్తే ఫర్వాలేదు, చూడకుండా ముడుచుకుపోతే మాత్రం బేరం మానుకోండి.

నాతో ఒప్పుకోని వాళ్లు చాలామంది ఉంటారని తెలుసు. మా జిల్లాలో, పక్క ప్రకాశంలో బండలాగుడు పందేలంటే ప్రాణం. ఒంగోలు గిత్త పరువు నిలబెట్టింది అవేనంటారు. కొంత నిజం లేకపోలేదు, ఆ పందేల కోసమైనా మంచి గిత్తల్ని బతికించుకుంటున్నారు. కానీ పాలపళ్ల కోడెలకు కూడా ఒక విభాగం పెట్టి, వేల జనం ఈలల మధ్య బండ కట్టి లాగించడం నాకు నచ్చదు. ఎముక ముదరలేదు, మనసు అంతకన్నా ముదరలేదు. పందెంలో గెలిచిన కోడె రోడ్డు మీద బండికి పనికిరాకుండా పోవడం నేను చూశాను. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

ఇంకో బాధ. ట్రాక్టరు కొంటే సబ్సిడీ ఉంది. నడపడం నేర్పడానికి స్కూలు ఉంది, లైసెన్సు ఉంది. కోడెకు పని నేర్పే విద్య ఉన్నవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరిద్దరే మిగిలారు, వాళ్లకూ డెబ్భై దాటాయి. వారి దగ్గర నేర్చుకునే కుర్రవాడికి రోజుకు కూలి అయినా ఇప్పిస్తే ఏం పోతుంది? రైతు శిక్షణ అంటూ హాల్లో కూర్చోబెట్టి భోజనం పెట్టి పంపిస్తారే, అందులో ఒక్కరోజు కొట్టం దగ్గర పెట్టలేరా? రెండెకరాల రైతు ట్రాక్టరు కొనలేడు. కిరాయి ట్రాక్టరు వరి చేలోకి వస్తుంది గానీ ఎదిగిన మిరప సాళ్లలోకి రాదు. ఎద్దుతో పని ఉన్నంతకాలం ఎద్దుకు నేర్పేవాడితోనూ పని ఉంటుంది.

చుక్కడి తర్వాత అయిదు జతలు తయారు చేశాను. ఒక్క దెబ్బా వేయలేదని గొప్పలు చెప్పను. రెండుసార్లు చెయ్యి లేచింది. రెండుసార్లూ నెల రోజుల పని వెనక్కి పోయింది.

ఇప్పుడు కొట్టంలో రెండు పళ్ల కోడె ఒకటి ఉంది. మొద్దు లాగుతోంది, కుక్కకు బెదరదు, బస్సుకు బెదరదు. డ్రోను ఒక్కటే మిగిలింది. పక్క చేను వాళ్లు మిరపకు మందు కొట్టే రోజు కనుక్కుని, దూరంగా తుమ్మచెట్టు కింద పెద్ద ఎద్దు పక్కన కట్టేసి, తెలగపిండి పెడుతున్నాను. మొదటి రోజు ముద్ద ముట్టలేదు. మొన్న సగం తిని తలెత్తి చూసింది. వచ్చే వారం నుంచి కల్వర్టు మీదుగా చేనికి నడిపించాలి, తాడు మీదే. బండి సంగతి సంక్రాంతి వెళ్లాక.